పాత నంబరు, కొత్త నంబరు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఊరంతటికీ ఇంటి నంబర్లు మార్చి చూడు అని కూడా ఒక ముక్క చేర్చవలసింది. మునిసిపాలిటీ వారు ఆ పని చేసిన పట్టణాల్లో చూడండి. గుమ్మం పక్కన రెండు పలకలుంటాయి, ఒకటి పాత నంబరు, ఒకటి కొత్త నంబరు. ఏళ్లు గడిచినా పాత పలక పీకటానికి ఎవరికీ చెయ్యిరాదు. ఏ చుట్టమో పాత నంబరు పట్టుకుని వెతుక్కుంటూ వస్తాడేమోనని బెంగ.

ఇంటర్నెట్టు వ్యవహారం ఇప్పుడు సరిగ్గా అక్కడే ఉన్నది.

ఆ వలలో చేరిన ప్రతి యంత్రానికీ ఒక చిరునామా ఉండాలి. 1981లో ఖరారైన పద్ధతి ప్రకారం మొత్తం చిరునామాలు 429 కోట్ల పైచిలుకు. దీన్ని నాలుగో ఐ.పి. అంటారు. అప్పటికి వలలో ఉన్న యంత్రాలు వందల్లోనే గనక, సముద్రం ఎండుతుందా అనుకున్నారు. మొదటి బంతిలో కూర్చున్నవారికి విస్తరి నిండా వడ్డించారు. అమెరికాలో ఎం.ఐ.టి. అనే ఒక్క విద్యాసంస్థకే 1 కోటీ 67 లక్షల చిరునామాలు దక్కాయి. 2017లో ఆ సంస్థ వాటిలో కొన్నింటిని అమ్మకానికి పెట్టిందంటే, ఎంత మిగిలిపోయాయో ఊహించుకోండి. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ కొట్టులోని ఆఖరి మూటలు పంచేశారు. ఆ ఏప్రిల్ 15 నుంచి మన ఆసియా-పసిఫిక్ ప్రాంతానికి రేషను మొదలయింది: కంపెనీ ఎంత పెద్దదైనా ఆ చివరి మూటలోంచి 1,024కు మించి అప్పట్లో ఇచ్చేవారు కారు. కోట్ల చందాదారులున్న చోట 1,024! మనది రెండో బంతి మరి.

అందుచేత కంపెనీలు వాటాల ఇల్లు పద్ధతి పట్టాయి. ఒకటే గుమ్మం నంబరు, లోపల వందల వాటాలు. మీరు బయటికి ఉత్తరం రాయవచ్చు, జవాబు కూడా వస్తుంది. కాని బయటివాడు తనంతట తాను వచ్చి మీ తలుపు తట్టలేడు. మీ ఇంట్లో కెమేరా పెట్టి పొరుగూరి నుంచి చూడాలన్నా, కుర్రవాడు సొంతంగా ఓ సర్వరు నడపాలన్నా, మధ్యవర్తి కాళ్లు పట్టుకోవాలి. పైగా ఏ వాటాలో ఎవడు దొంగపని చేసినా అనుమానం గుమ్మం మొత్తం మీద పడుతుంది. ఫలానా క్షణాన ఆ నంబరు వాడినది ఏ వాటావారో కంపెనీ పద్దు రాసి ఉంచితేనే అమాయకుడు బయటపడేది.

దీనికి మందు 1995లోనే రాసిపెట్టారు. అదే ఆరో ఐ.పి. (అయిదో నంబరు అప్పటికే వేరే ప్రయోగానికి ఇచ్చేశారు.) ఇందులో చిరునామాల లెక్క రాయాలంటే 39 అంకెలు కావాలి. ఇక ఇసుక రేణువుకు కూడా ఇల్లివ్వవచ్చు. మరి ఇన్నేళ్లుగా మందు సీసాలోనే ఎందుకున్నట్టు?

అటువంటి కంపెనీలో పనిచేసే మా మేనల్లుణ్ణి అడిగాను.

“పాతదీ కొత్తదీ ఒకదాని భాష ఒకదానికి తెలియదు మావయ్యా! అదీ చిక్కు. 1983 జనవరి 1న యంత్రాలు కొద్దిగా ఉండబట్టి పద్ధతి ఒక్క రోజులో మార్చేశారు. ఇప్పుడు కుదురుతుందా? రెండూ పక్కపక్కన నడపాలి. రౌటర్లు మార్చాలి, బిల్లుల లెక్కలు సవరించాలి, ఇళ్లల్లో పెట్టెలు మార్చాలి, కాపలా ఏర్పాట్లు రెండేసి చెయ్యాలి.”

“చేస్తే ఏం, ఒరేయ్?”

“చందాదారుడు ఒక్కడైనా అడిగితేగా! చేసిన మర్నాడు కూడా వాళ్లకేమీ తేడా తెలియదు. తెలియని పనికి డబ్బెందుకని పైవాళ్ల ప్రశ్న.”

అన్యాయమైన ప్రశ్న కాదు గాని, జవాబు లేకపోలేదు. ఫ్రాన్సులో ‘ఫ్రీ’ అనే కంపెనీ 2007 చివర పాత దారి మీదనే కొత్త చిరునామాలు నడిపించి, అయిదు వారాల్లో 15 లక్షల ఇళ్లకు అందేలా చేసింది. మన దేశంలో 2016 సెప్టెంబరులో సేవలు ప్రారంభించిన జియో, మొదటి రోజు నుంచీ కొత్త చిరునామాలిచ్చింది. పాత కొంప ఉన్నవాడికి మరమ్మతు గొడవ. ఖాళీ స్థలంలో కట్టుకునేవాడికి కొత్త ప్లానే చవక. ఈనాడు భారతదేశపు వాడకందార్లలో సగానికి పైగా కొత్త చిరునామా అందుకుంటున్నారు. ఈ విషయంలో అమెరికావారికంటె మనం వెనక లేము. రెండో బంతివారికి ఆకలే గురువయింది.

అయినా పని పూర్తికాలేదు. చాలా కంపెనీలు రెండు పలకలూ తగిలించి, పని అయిపోయిందని చేతులు దులుపుకుంటున్నాయి. రెండు పలకలున్నన్నాళ్లు ఖర్చు రెండింతలు. లాభం పాతది దించిన నాడు గాని చేతికి రాదు. ఆ పలక దించాలంటే అవతలి వీధివారంతా కొత్త నంబరు నేర్చుకోవాలి. వారు వీరికోసం, వీరు వారికోసం కాచుకు కూర్చున్నారు.

ఈ కాచుకోవటంలో మనకూ వాటా ఉన్నది. మీ ఫోను సెట్టింగుల్లో ఐ.పి. చిరునామా ఒకసారి చూడండి. అంకెల మధ్య ఒంటి చుక్కలుంటే పాతది. ఒకదాని మీద ఒకటిగా జంట చుక్కలుంటే కొత్తది. ఒంటి చుక్కలదే కనిపిస్తే, మీ కంపెనీవారికి ఫోను చేసి, మా గుమ్మానికి కొత్త పలక ఎప్పుడని అడగండి. అడగందే అమ్మయినా పెట్టదు. కంపెనీ మనకేమన్నా మేనత్తా?