ఆకుపచ్చ జోన్‌లో కృష్ణజింక

"నా డ్రోన్ 250 గ్రాముల లోపే. గ్రీన్ జోన్. 400 అడుగులు దాటలేదు. అంతా లీగల్." జింకల గుంపు దుమ్ము లేపుకుంటూ ఉరికే వీడియో తీసినవాళ్లని ఎవరైనా నిలదీస్తే వచ్చే జవాబు దాదాపు ఇదే. అందులో అబద్ధం లేకపోవచ్చు. ఆ జవాబు చెల్లుబాటయ్యేలా రాసిన రూల్స్‌తోనే నా పేచీ.

2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్ మన ఆకాశానికి మూడు రంగులు వేశాయి. ఎరుపులో ఎగరేయాలంటే కేంద్రం అనుమతి కావాలి. పసుపులో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌ని అడగాలి. ఆకుపచ్చలో 400 అడుగుల దాకా ఎవరినీ అడగక్కర్లేదు. నానో డ్రోన్‌కైతే పైలట్ సర్టిఫికెట్ కూడా అవసరం లేదు. విమానాలకు అడ్డం రాకుండా చూడటానికి ఈ రంగులు బాగానే పనికొస్తాయి. కింద ఏ ప్రాణి మేస్తోందో, ఏ పక్షి పొదుగుతోందో ఆ రంగుకు తెలియదు.

మా నారాయణపేట జిల్లా సంగతే చూడండి. కృష్ణ, మాగనూరు, మక్తల్ మండలాల పొలాల్లో కృష్ణజింకలు గుంపులుగా తిరుగుతాయి. అది పార్కూ కాదు, అభయారణ్యమూ కాదు. రైతుల చేలు. పంటంతా మేసిపోతున్నాయని వాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. అయినా జింక మీద చెయ్యి వేయడానికి లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న జంతువది, వేటాడితే కనీసం మూడేళ్ల జైలు. ఆ చట్టం ఉండాల్సిందే. మరి అదే గుంపు మీదికి వీకెండ్‌కని వచ్చినవాడు డ్రోన్ దించి, రీల్ కోసం అటూ ఇటూ ఉరికిస్తే?

చట్టం చెప్పే 'వేట'లో తరమడం కూడా ఉంది. కాబట్టి పట్టుకోవడానికి దారి లేకపోలేదు. కానీ డ్రోన్ తరిమిందా, జింకే దానంతటది ఉరికిందా? ఎంత దగ్గరికి వెళ్తే తరిమినట్టు? ఆ అంకె రాసి లేదు. పంట పోగొట్టుకున్నవాడు ఓపిక పట్టాలి, సరదాకి వచ్చినవాడికి ఆ బాధ లేదు. ఇదెక్కడి న్యాయం?

"ఉరకలేదు, కదలను కూడా లేదు, దానికేం కాలేదు" అనేవాళ్లూ ఉన్నారు. అమెరికాలోని మిన్నెసోటాలో నల్ల ఎలుగుబంట్ల గుండె వేగాన్ని కొలుస్తూ, వాటి మీదుగా డ్రోన్ ఎగరేసిన పరిశోధన 2015లో అచ్చయింది. చాలాసార్లు అవి ఉన్నచోటే ఉండిపోయాయి. గుండె మాత్రం అదిరింది. ఒక ఎలుగుకి నిమిషానికి 123 సార్లు అదనంగా కొట్టుకుంది. 2021లో కాలిఫోర్నియాలోని బోల్సా చికా దగ్గర ఒక డ్రోన్ కూలితే, బెదిరిన టెర్న్ పక్షులు దాదాపు 1,500 గుడ్లను వదిలేసి లేచిపోయాయి. అక్కడ డ్రోన్లు నిషిద్ధం కూడా.

హైదరాబాద్‌లో పార్కు లోపలున్న జంతువులకైనా నిశ్చింత ఉందా? కేబీఆర్ జాతీయ పార్కు. అనుమతి లేకుండా లోపలికి వెళ్లకూడదు. కానీ 'ప్రవేశం' అన్న మాట రాసిన రోజున చట్టం మనసులో ఉన్నది మనిషి కాళ్లు. పక్క బిల్డింగ్ టెర్రస్ మీద నిలబడి డ్రోన్‌ని లోపలికి పంపేవాడు ప్రవేశించినట్టా, లేనట్టా? 2020లో ఖరారైన ఆ పార్కు ఎకో సెన్సిటివ్ జోన్ వెడల్పు 3 నుంచి 29.8 మీటర్లు. డ్రోన్‌కి అది క్షణాల ప్రయాణం.

అయితే మొత్తం నిషేధించేద్దామా? వద్దు. కంచ గచ్చిబౌలిని మర్చిపోకూడదు. 2025లో అక్కడ బుల్డోజర్లు దిగినప్పుడు, సుమారు 100 ఎకరాలు బోడిగా మారిన సంగతి జనానికి కళ్లకు కట్టింది పైనుంచి తీసిన దృశ్యాలే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. వన్యప్రాణుల పేరుతో గుడ్డి నిషేధం పెడితే, రేపు దాన్ని మొదట వాడుకునేది చెట్లు కొట్టేవాడే. ఇప్పటికే ఎస్పీ స్థాయి అధికారి ఏ చోటునైనా ఒక్కోసారి 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్ చేయొచ్చు. చెట్లు నేల కూలడానికి అంత సమయం కూడా అక్కర్లేదు.

నేను బతికేది కోడ్ రాసి. మ్యాప్ మీద గీత గీసి లోపలా బయటా అని తేల్చడం మాకు చాలా తేలిక. అందుకే రూల్స్ కూడా గీతల దగ్గర ఆగిపోతున్నాయని నా అనుమానం. జింక ఆ గీతలో ఉండదు. కాబట్టి దూరాన్ని జంతువు నుంచి కొలవాలి: షెడ్యూల్‌లో ఉన్న ప్రాణికి ఇన్ని మీటర్ల లోపు డ్రోన్ దించకూడదని, గూళ్లు కట్టే కాలంలో ఆ దూరం ఇంకా పెరుగుతుందని రాయాలి. పార్కు అయినా, పత్తి చేను అయినా అదే దూరం. అడవి పోతున్నప్పుడు దూరం పాటిస్తూ సాక్ష్యం కోసం తీసేవాళ్లకి రక్షణ ఉండాలి. రీల్ కోసం తరిమినవాడి మీద వన్యప్రాణి చట్టం కిందే కేసు పెట్టాలి.

అంతవరకూ 'లీగల్' అన్న మాటని సర్టిఫికెట్‌లా చూపించకండి. విమానానికి అడ్డం రాలేదని మాత్రమే దానర్థం.