కారు కడుగుండ్రి, బోరును కడిగెయ్యకుండ్రి

ఈ ముచ్చట కొంచెం పొడుగున్నది, ఓపికతో చదవండి. కొందరికి కోపం కూడా వస్తది, రానీయండి.

కార్లు కొనొద్దని నేను అంటలేను, కడగొద్దని అసలే అంటలేను. బోరు మీద పైపు పెట్టి అరగంట సేపు కారు మీద నీళ్లు కొట్టే పని మాత్రం మనం బంద్ చెయ్యాలె. దానికి అవసరం లేదు, మూడు బకెట్లు చాలు. చాలవు అనేటోళ్ల కోసమే ఇది రాస్తున్న. నేను చేసి చూసి చెప్తున్న.

మొన్న ఎండాకాలం ఉగాది పండుగకు మా తమ్ముని కొడుకు పట్నం నుంచి కారుల వచ్చిండు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా రోడ్డు పని, దారి పొడుగునా దుమ్ము. కారు ఎర్రగ అయింది. "పెదనాయనా, జర మోటారు ఎయ్యవా" అన్నడు. ఏసిన. పోరడు చక్కగ పైపు పట్టుకొని అరగంట కొట్టిండు, నడుమల ఫోన్ మాట్లాడిండు, పైపు కింద పడేసి నురుగు రుద్దిండు. నీళ్లు పోతనే ఉన్నయ్. నేను చూసుకుంట ఊకున్న, తప్పు నాదే.

సాయంత్రం టమాటకు డ్రిప్ ఇడిస్తె పన్నెండో సాలు దగ్గర బోరు గాలి కొట్టింది. చివరి సాళ్లు ఆ రోజు ఎండినయ్. రాత్రంతా నిద్ర పట్టలే. తెల్లారి అదే పైపు కింద 15 లీటర్ల బకెట్ పెట్టి ఫోన్ల టైం చూసిన. 30 సెకన్లకు నిండింది. అంటే నిమిషానికి 30 లీటర్లు, అరగంటకు 900 లీటర్లు. ఎండలు ముదిరినంక డ్రిప్ మీద ఒక్క టమాట మొక్కకు నేను రోజుకు రెండు లీటర్లు లెక్క పెట్టుకుంట. ఒక్క కారు కడిగితే 450 మొక్కల ఒక రోజు నీళ్లు పోయినట్టు.

మా వాడకట్టుల లెక్క పెట్టిన, 11 కార్లున్నయ్. అందరం ఒక్కసారి గిట్లనే కడిగితే 9,900 లీటర్లు. దాదాపు ఐదు వేల మొక్కల ఒకనాటి నీళ్లు మోరీల పడతయ్.

"నా బోరు, నా నీళ్లు, కరెంటు కూడా ఫ్రీ, నీకేంది నొప్పి" అంటరు. 2018 జనవరి 1 నుంచి మనకు వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వస్తున్నది. ఆ కరెంటు చేనుకు ఇచ్చిండ్రు, బంపర్‌కు కాదు. ఇగ నీళ్లంటవా, బోరు నీదే, కింద ఉన్న నీళ్లు నీ ఒక్కనివి కావు. నువ్వు గుంజితే పక్కోని బోరు దిగుతది. 2002లనే వాల్టా చట్టం వచ్చింది. బోరు ఏసుకోవాల్నంటె పర్మిషన్ కావాలని ఎందుకు పెట్టిండ్రు? భూమి కింద నీళ్లు అందరివి కాబట్టే.

ఇంకో మాట. పట్నం వాళ్లకు నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీళ్లు, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు పైపులల్ల వస్తయ్. మనకు? 2008లో శంకుస్థాపన చేసిన ప్రాజెక్టుకు మన పేరే పెట్టిండ్రు, ప్రాణహిత-చేవెళ్ల అని. పేరు మనది, నీళ్లు మాత్రం ఇయ్యాల్టి దాకా మన చేన్లకు రాలే. క్యారెట్ అయినా, బీట్రూట్ అయినా, గులాబీ తోట అయినా మనకు బోరే దిక్కు. కాలువ ఉన్నోడు కారు కడుగుడు వేరు, బోరు మీద బతికేటోడు కడుగుడు వేరు.

"మూడు బకెట్లతోని కారు ఏం తెల్లగైతదే, తుడిచినట్టుంటది" అని హోటల్ కాడ నన్ను నవ్విండ్రు. అందుకే నా పాత ఆల్టోను బయటికి తీసిన. రెండేండ్లు చింతచెట్టు కింద పడి ఉన్నది. మీద ఆకులు, పిట్టల రెట్టలు, దుమ్ము అట్టలు కట్టి రంగు కూడ కనిపిస్తలేదు. మా ఇంట్ల కోళ్లు దాని మీదనే పండుకునేవి. అంతకంటె పాడైన కారు మీ ఇంటి ముంగట ఉండదనుకుంట. ఎట్ల చేసిన్నో చెప్తున్న.

ముందటి రోజు చేత్తోని ఆకులు తీసేసిన. అద్దం కింద వైపర్ల దగ్గర చెత్త పేరుకుంటది, అది తియ్యకపోతే వాన నీళ్లు నిల్చి తుప్పు పడతది. పొడి బట్టతోని దుమ్ము మాత్రం తుడవలే. అందరు చేసే తప్పు గదే. దుమ్ముల ఇసుక ఉంటది. కారు రంగు మీద సన్నటి పారదర్శకమైన పొర ఉంటది, మన వెంట్రుక కంటె పల్చన. ఇసుకతోని పొడిగ రుద్దితే దాని మీద గీతలు పడతయ్. ఎండల మెరిసే గుండ్రటి గీతలు గట్లనే వచ్చినయ్.

తెల్లారి ఎండ రాకముందు నీడల నిలబెట్టిన. రెట్టల మీద తడి బట్ట కప్పి పది నిమిషాలు నాననిచ్చిన. మొదటి బకెట్: మగ్గుతోని పైకప్పు నుంచి కిందికి మెల్లగ పోసిన, చెయ్యి పెట్టకుండ. దుమ్ము సగం గట్లనే దిగింది. రెండో బకెట్: సగం నీళ్లు ఇంకో బకెట్ల పోసి మూతెడు కారు షాంపూ కలిపిన, మిగిలిన సగం బట్ట జాడించనీకి. బట్ట షాంపూల ముంచుడు, రుద్దుడు, మంచి నీళ్లల్ల జాడించుడు, మళ్లీ ముంచుడు. పైనుంచి కిందికి. చక్రాలకు, కింద మట్టికి వేరే బట్ట. బట్టల సబ్బు, గిన్నెల సబ్బు వాడకండి, కారు మీద వ్యాక్స్ ఉంటే అవి దాన్ని కూడ తీస్కపోతయ్. మూడో బకెట్: మగ్గుతోని కడుగుడు, వెంటనే పొడి బట్టతోని ఒత్తి తుడుసుడు.

ఆ వెంటనే అన్నది గుర్తుంచుకోండి. మన బోరు నీళ్లల్ల సున్నం ఉంటది, వంట గిన్నెల అడుగున తెల్లగ కట్టేది అదే. పైపు పెట్టి కొట్టి ఎండకు ఆరబెట్టిన కార్ల మీద తెల్ల చుక్కలు చూడలేదా? ఎన్ని నీళ్లు కొడితే అన్ని చుక్కలు. అంటే 900 లీటర్లు పోసినోని కారే నా కారు కంటె అన్యాలం. వానకాలం ఇంటి కప్పు కింద డ్రమ్ము పెట్టి ఆ నీళ్లతోని కడిగితే ఆ తిప్పలు కూడ తక్కువ.

తర్వాత వ్యాక్స్. నాలుగైదు వందల రూపాయల డబ్బా, ఏడాది వస్తది. కార్నౌబా అని డబ్బా మీద రాసి ఉంటది, బ్రెజిల్ దేశంల ఒక తాటి జాతి చెట్టు ఆకుల మీద వచ్చే మైనం. వేలెడంత తీసి స్పాంజితోని పల్చగ పూసిన, ఒక్కో తలుపు, ఒక్కో రేకు. తెల్లగ పొగమంచు లెక్క ఆరినంక మెత్తటి బట్టతోని తుడిచేసిన. ఎండల పూస్తె గట్టిపడి రాదు. మందంగ పూస్తె ఎక్కువ మెరుస్తదనుకోకండి, చెయ్యి నొప్పి ఎక్కువైతది అంతే.

మొత్తం రెండున్నర గంటలు, 45 లీటర్లు. పైకప్పు మీద పొర లేచిపోయిన కాడ మెరుపు రాలేదు, వ్యాక్స్ దాన్ని బాగు చెయ్యదు, అది పెయింటర్ పని. మిగతా కారంత మొఖం కనిపిస్తున్నది. వ్యాక్స్ మీద దుమ్ము గట్టిగ అంటదు కాబట్టి ఇప్పుడు వారానికి ఒక్క బకెట్, పావుగంట. రెండు మూడు నెలలకు మళ్లీ ఒక చెయ్యి వ్యాక్స్. వేలకు వేలు పెట్టి కోటింగ్ ఏయించుకునేటోళ్లు ఏయించుకోండి, మీ పైసలు. కని నీళ్లు మీ ఒక్కరి పైసలతోని రావు.

వాషింగ్ సెంటర్ల పోరగాండ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లు మన పిల్లలే. నిజం చెప్పాల్నంటె ప్రెషర్ మిషన్ మన ఖాళీ పైపు కంటె తక్కువ నీళ్లు తాగుతది. వాళ్లను అడగాల్సింది వేరే ఉన్నది. ఆ నురుగు, ఆ గ్రీసు నీళ్లు ఎటు పోతున్నయ్? మోరీకి, మోరీ నుంచి వాగుకు, వాగు నుంచి గండిపేటకో హిమాయత్‌సాగర్‌కో. 1908 మూసీ వరద తర్వాత కట్టిన చెరువులు అవి. వాటిని కాపాడనీకి 1996ల 111 జీవో తెచ్చి 84 ఊర్లల్ల ఆంక్షలు పెట్టిండ్రు. మన భూముల రేట్లు ఆ జీవోతోని పడిపోయినయని ఇన్నేండ్లు మనం మొత్తుకున్నం. సరే. కని ఆ చెరువులను కాపాడుడు సర్కారు పనే, మన పని కాదు అనుకుంటే ఎట్ల? ఒక ఇంకుడు గుంత తవ్వి నురుగు నీళ్లను ఇసుక, కంకర మీదికెళ్లి ఇడిస్తె కొంతన్న ఆగుతది.

బెంగళూరుల 2024 మార్చిల నీళ్లకు కటకట అయితే, తాగే నీళ్లతోని కార్లు కడిగినోళ్లకు 5,000 రూపాయల జుర్మానా అన్నరు. అంత పెద్ద పట్నంకే ఆ గతి పట్టింది. మనకు జుర్మానా ఏసేటోడు లేడు, బోరు ఎండినంక ఏసినా ఏం ఫాయిదా?

నేను మా గ్రామసభల ఈ మాట లేపుత. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాక పైపుతోని కార్లు కడుగుడు బంద్ అని మనకు మనమే తీర్మానం చేసుకుందాం. ఫామ్‌హౌస్‌లోళ్లకు కూడ అదే మాట. లాన్ తడిపేటోళ్ల ముచ్చట ఇంకో రోజు రాస్త.

నమ్మనోళ్లు ఆదివారం పొద్దుగాల కారు పట్టుకొని మా ఇంటికి రాండ్రి. బకెట్లు నావి, వ్యాక్స్ నాది. బట్ట మాత్రం మీరే తెచ్చుకోండి.