క్షమాపణ కుటుంబానిది, బాకీ ప్రభుత్వానిది

2023 ఆగస్టులో గ్లాడ్‌స్టోన్ వంశీకులు కొందరు గయానా వెళ్లి, తమ పూర్వీకుడి నేరానికి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఆ పూర్వీకుడు జాన్ గ్లాడ్‌స్టోన్. 1764లో స్కాట్లండ్‌లోని లీత్‌లో పుట్టాడు, లివర్‌పూల్‌లో పెద్ద వ్యాపారి అయ్యాడు, నేటి గయానాలోని డెమెరారాలో బానిసలతో నడిచే చెరకు తోటలు సంపాదించాడు. ఆయన కొడుకు విలియం నాలుగుసార్లు బ్రిటన్ ప్రధాని. వారసుల క్షమాపణను స్వాగతించాలి. కానీ లెక్క అక్కడితో తేలదు.

1823 ఆగస్టులో డెమెరారా తిరుగుబాటు రాజుకున్నది జాన్ తోట 'సక్సెస్'లోనే. స్వేచ్ఛ కోరి వేలమంది బానిసలు లేచారు. ముందు నిలిచిన జాక్‌కు ఇంటిపేరు కూడా యజమానిదే. వందలమందిని చంపారు. జాక్ తండ్రి క్వామినాను కాల్చి, శవాన్ని ఆ తోట ముందే వేలాడదీశారు. యజమాని మాత్రం ఆ గడ్డ మీద ఎన్నడూ కాలు పెట్టలేదు.

1833లో పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేస్తూ 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది. అది యజమానులకు. 2,500 మందికి పైగా బానిసల లెక్కన జాన్ గ్లాడ్‌స్టోన్‌కు లక్ష పౌండ్లు దాటి ముట్టాయి. బానిసలకు పైసా రాలేదు సరికదా, 'అప్రెంటిస్' పేరుతో 1838 దాకా పాత యజమానుల దగ్గరే చాకిరీ చేయాల్సి వచ్చింది. ఈ పరిహారం కోసం చేసిన అప్పు పూర్తిగా తీరింది 2015లో.

ఆ చాకిరీ గడువు ముగియకముందే గ్లాడ్‌స్టోన్ కలకత్తాలోని ఒక కంపెనీకి ఉత్తరం రాసి భారతీయ కూలీలను అడిగాడు. 1838 మే 5న విట్బీ, హెస్పరస్ ఓడల్లో 396 మంది డెమెరారా చేరారు. కొరడా దెబ్బల కబుర్లు బయటికొచ్చి వలస కొన్నేళ్లు ఆగినా, మళ్లీ మొదలైంది. తర్వాత మద్రాసు రేవు నుంచి తమిళులతోపాటు తెలుగువాళ్లూ ఆ ఒప్పంద కూలీ బతుకుల్లోకి ఓడలెక్కారు. కనుక ఇది మనకు పరాయి కథ కాదు.

తాతల పాపానికి మనవలను శిక్షిస్తారా అని కొందరు అడుగుతారు. పాపం వారసత్వంగా రాదు, నిజమే. ఆస్తి వస్తుంది. ఆస్తి తీసుకుని అప్పు మాది కాదంటే ఏ ఊరి పెద్దమనుషులూ ఒప్పుకోరు. గ్లాడ్‌స్టోన్ వారసులు ఆ న్యాయానికి కొంతైనా తలవంచారు. గయానా విశ్వవిద్యాలయంలో వలసల అధ్యయనానికి లక్ష పౌండ్లు ప్రకటించారు.

అయితే ఒక కుటుంబం మంచితనం ప్రభుత్వానికి చెల్లు రసీదు కాకూడదు. బానిసత్వానికి చట్టబద్ధత ఇచ్చింది, తిరుగుబాటును అణచింది, యజమానులకు ఖజానా తెరిచింది ప్రభుత్వమే. కరీబియన్ దేశాలు 2014లోనే పది అంశాల ప్రణాళికతో పరిహారం అడిగినా, లండన్ విచారం వ్యక్తం చేయడం దగ్గరే ఆగింది. యజమానుల కోసం దాదాపు 180 ఏళ్లు అప్పు మోసిన దేశం, బాధితుల వారసులతో బేరానికి కూర్చోవడానికి కూడా తీరిక లేదనడం అన్యాయం. గయానాతో, కరీబియన్ దేశాలతో ఆ చర్చలు ఇప్పుడే మొదలుపెట్టాలి.