వణుకు ఎక్కడిది?

పాత కమాండర్ జీపు. షాకిళ్లు మార్పించి వెనకా ముందూ కాస్త పైకి లేపారు. వెడల్పాటి టైర్లు వేశారు. చూడ్డానికి దర్జాగానే ఉంది. తీరా మహదేవపూర్‌లో బయల్దేరి కాళేశ్వరం రోడ్డెక్కి, స్పీడు అరవై అందుకునేసరికి మొదలైంది... కాళ్ల కింద రేకు జివ్వుమంటోంది, గేరు రాడ్డు గజగజలాడుతోంది. మెకానిక్కుకి చూపిస్తే 'గేరుబాక్సు దించాల్సిందే' అన్నాడనుకోండి. దించారు, బేరింగులు మార్చారు, బిల్లు కట్టారు. మళ్లీ అరవై దగ్గర అదే వణుకు!

ఒకప్పుడు తెలంగాణ పల్లెల్లో జనాన్ని కిక్కిరిసి మోసిన జీపులకు కొత్త వేషం వేసే ముచ్చట ఎక్కడ ఉంటే అక్కడ ఈ తిప్పలూ ఉంటాయి. స్పానరు పట్టేముందు ఓ అయిదు నిమిషాలు చెవి పెడితే చాలామటుకు గుట్టు తెలిసిపోతుంది.

ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డు మీద వణుకు వచ్చే స్పీడు దాకా వెళ్లి క్లచ్ తొక్కండి. ఇంజిను ఐడిలింగ్‌కి దిగుతుంది, బండి తన ఊపున తాను పోతుంటుంది. (ఇంజిన్ మాత్రం ఆపొద్దు.) వణుకు ఆగిపోయిందా? అనుమానం ఇంజిను, క్లచ్, ఇంజిను మౌంటింగుల మీద. ఆగలేదా? దోషి గేరుబాక్సుకి వెనక ఉంది... ప్రొపెల్లర్ షాఫ్టో, క్రౌన్ పినియనో, చక్రమో.

చక్రమా, షాఫ్టా? తేల్చుకోవడానికి చిన్న లెక్క. జీపు టైరు చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లనుకుంటే, 60 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు 7 సార్లకు పైగా తిరుగుతుంది. డిఫరెన్షియల్ నిష్పత్తి 5 అయితే షాఫ్టు తిరిగేది సుమారు 38 సార్లు. అందుకే చక్రం దోషం స్టీరింగులో నిదానంగా ఊగుతుంది. షాఫ్టు దోషం సీటు కింద సన్నగా జుమ్మంటుంది. గరుకు టైర్ల హోరుని బేరింగు చప్పుడనుకుని మోసపోయేవారూ ఉంటారు. తారు రోడ్డు మీంచి సిమెంటు రోడ్డు మీదికి రాగానే చప్పుడు మారితే అది టైరుదే.

చప్పుడొక్కటే అయితే బండి నిలబెట్టి చూడొచ్చు. న్యూట్రల్‌లో గరగరమంటూ, క్లచ్ తొక్కగానే ఆగితే గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు. తొక్కినప్పుడే మొదలైతే రిలీజ్ బేరింగు. కదిలేటప్పుడు 'టక్'మంటే షాఫ్టు క్రాసులు అరిగాయేమో చూడాలి.

ఇక లేపిన బండి సంగతి. క్రాసు వంగి తిరిగినప్పుడు షాఫ్టు ఒకే వేగంతో తిరగదు. ఒక్కో చుట్టుకీ రెండుసార్లు ఉరికి, రెండుసార్లు తగ్గుతుంది. రెండోవైపు క్రాసు కూడా అంతే కోణంలో వంగి ఉంటే ఆ హెచ్చుతగ్గుల్ని సరిచేస్తుంది. కుదరకపోతే ఆ కుదుపు బండికి పాకుతుంది. పొడవాటి షాకిళ్లు వేస్తే కమాను కట్టకి ఒక కొసే జరుగుతుంది. దాంతో ఇరుసు పినియన్ మూతి కాస్త తిరుగుతుంది. రెండు కోణాలూ తప్పిపోతాయి! గేరుబాక్సుని పది సార్లు దించినా ఇది తగ్గదు. సమతలంలో నిలిపి, కోణాలు చూసే సాధనంతో రెండువైపులా కొలిచి, కమాను కట్టకీ ఇరుసుకీ మధ్య ఏటవాలు రేకు ముక్క వేస్తే దారికొస్తుంది. ఖర్చు కూడా గేరుబాక్సు పనంత ఉండదు.

పోనీలే, కొన్నాళ్లు ఇలాగే నడుపుదామంటారా? క్రాసు పూర్తిగా అరిగి ముందువైపు షాఫ్టు ఊడిందంటే, కొస రోడ్డు మీద పడి గుచ్చుకుంటుంది. అంత వేగంలో బండి ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పైగా తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే తేల్చింది. లేపడానికి ముందే ఆలోచించుకోవలసిన సంగతి ఇది.

షాఫ్టు విప్పించుకునేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. జారుడు జాయింటు దగ్గర రెండు ముక్కల మీదా రంగుతో ఒక గీత గీయించండి. సుద్ద చెరిగిపోతుంది. బిగించేటప్పుడు ఆ గీతలు ఒక పన్ను తేడాతో కూర్చున్నా, లేని వణుకు కొత్తగా వస్తుంది.