లారీ రాలేదు, వడ్డీ వచ్చింది

పదేళ్లు ఆసాముల లారీ తోలిన మన పేట తమ్ముడొకడు బ్యాంకు అప్పు మీద సొంత లారీకి ఆర్డరిచ్చి ఐదు నెలలైంది. ఎప్పుడడిగినా "కంపెనీ నుంచి ఛాసిస్ దిగలేదు" అంటాడు షోరూమువాడు. అది దిగాక విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టించాలి. ఈలోగా వరికోతలు అయిపోయాయి, ధాన్యం కిరాయిలూ పోయాయి. అప్పు సొమ్ము మాత్రం మొదటి రోజే షోరూముకు చేరింది. వడ్డీ ఆ రోజు నుంచే నడుస్తోంది.

నాలుగు లారీలున్న ఆసామికి ఐదోది ఆలస్యమైతే ఏం పోతుంది? ఉన్న డ్రైవరు పని మానుకున్న మనోడికి పూట గడవదు. పైగా "పేటోళ్లకి లారీ ఏంట్రా" అని రచ్చబండ దగ్గర ఎకసెక్కాలు!

2016లో పెట్టిన స్టాండప్ ఇండియా పథకంలో 18 నెలల దాకా వాయిదాలు ఆపే వీలుండేది. మనోడిది మామూలు అప్పు, ఆ వీలు లేదంటున్నారు. బండే రానప్పుడు వాయిదా ఎక్కడ్నించి తెచ్చి కడతాడు? కాగితాల్లో అప్పు తేదీ ఉంది, బండి ఇచ్చే తేదీ లేదు. మీరైనా ఆర్డరు కాగితం మీద తేదీ రాయించండి. ఛాసిస్ నంబరు కళ్లారా చూడందే ముట్టిందని సంతకం పెట్టొద్దు.

సోమవారం పదింటికి బ్యాంకు మేనేజరుకు అర్జీ ఇస్తున్నాం. ఆడామగా అందరూ రండి.