ఆర్మీ ఆఫీసర్ కావాలనుకునే పిల్లలు డిగ్రీలో ఏం చదవాలి?

తెలంగాణ ఉన్నత విద్యా మండలి ఛైర్మన్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నేను పాతబస్తీలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పే అధ్యాపకుణ్ణి. కాలేజీలో ఎన్‌సీసీ పని కూడా చూస్తాను. ఇంటర్ ఫలితాలు వచ్చి, డిగ్రీ ప్రవేశాల కోసం దోస్త్ రిజిస్ట్రేషన్లు మొదలయ్యే రోజుల్లో గౌలిపురా నుంచి, యాకుత్‌పురా నుంచి, ఫలక్‌నుమా నుంచి పిల్లలు వచ్చి నన్నడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, నేను ఆర్మీలో ఆఫీసర్ కావాలి. డిగ్రీలో ఏ గ్రూపు పెట్టుకోమంటారు?"

మీరు నడిపే దోస్త్‌లో ఈ ప్రశ్నకు జవాబు లేదు. అందుకని జవాబు చెప్పే పని నెట్ సెంటర్ వాళ్ల మీద పడింది. మా వైపు చాలా ఇళ్లలో వెబ్ ఆప్షన్లు పెట్టేది పిల్లలూ కాదు, తల్లిదండ్రులూ కాదు. నెట్ సెంటర్‌లో కుర్చీలో కూర్చున్న అబ్బాయి. అతను చెడ్డవాడేమీ కాదు, తనకు తెలిసింది చెబుతాడు. "మిలిటరీ అంటే మ్యాథ్స్ ఉండాలి, లేకపోతే బీటెక్ చెయ్యి" అంటాడు. ఆ మాట పట్టుకుని రాజనీతి శాస్త్రం ఇష్టపడే పిల్ల మ్యాథ్స్ కాంబినేషన్‌లో చేరుతుంది. ఇంకో ఇంట్లో తండ్రి అప్పు చేసి కొడుకును ఇంజినీరింగ్‌లో వేస్తాడు. మూడో ఇంట్లో "మనవల్ల కాదులే" అని ఆఫీసర్ అనే మాటే మానేస్తారు. అగ్నివీర్ ర్యాలీ ఎప్పుడో, పరుగు ఎన్ని నిమిషాల్లో పూర్తి చేయాలో మా గల్లీ పిల్లలకు నోటికి వచ్చు. పొద్దున్నే కులీ కుతుబ్‌షా స్టేడియం వైపు వెళ్తే పరుగు తీసే కుర్రాళ్లు కనిపిస్తారు. అందులో డిగ్రీ చదివేవాళ్లూ ఉంటారు. ఆ డిగ్రీతోనే అధికారిగా చేరే పరీక్ష ఒకటుందని వాళ్లలో చాలామందికి ఎవరూ చెప్పలేదు.

నిబంధన ఏమిటో మీకు తెలిసే ఉంటుంది. అయినా ఈ లేఖ పిల్లలూ చదవాలి కాబట్టి రాస్తున్నాను. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ (సీడీఎస్) పరీక్ష పెడుతుంది. హైదరాబాద్‌లోనే రాయవచ్చు. డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీకి, చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం నుంచి ఏ డిగ్రీ అయినా చాలు. బీఏ ఉర్దూ అయినా, బీకాం అయినా, బీఎస్సీ జువాలజీ అయినా ఒకటే. డెహ్రాడూన్ కోసం రాసేవాళ్లకు ఇంగ్లిష్, జనరల్ నాలెడ్జ్‌తో పాటు లెక్కల పేపరు ఉంటుంది. అదీ పదో తరగతి స్థాయిదే. చెన్నై కోసం రాసేవాళ్లకు లెక్కల పేపరే లేదు, ఇంగ్లిష్, జనరల్ నాలెడ్జ్ రెండే. చెన్నైకి అమ్మాయిలు కూడా అర్హులు. అంటే హుస్సేనీ ఆలంలోని ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాలలో చరిత్ర చదివే అమ్మాయి, ఇంటర్ తర్వాత లెక్కల పుస్తకం తెరవకపోయినా, భారత సైన్యంలో లెఫ్టినెంట్ కావడానికి ఈ పరీక్ష రాయవచ్చు. ఈ సంగతి తెలిసినప్పుడు తల్లుల ముఖాలు ఎలా మారతాయో నేను చూశాను. మీరూ చూస్తే ఈ లేఖ రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

డిగ్రీలో ఏ సబ్జెక్టు తీసుకున్నా సైన్యం తలుపు తెరిచే ఉంటుంది. వైమానిక దళం, నౌకాదళం సంగతి అలా కాదు. వాటి తలుపులు కొన్ని డిగ్రీ దాకా కూడా ఆగవు, ఇంటర్‌లోనే మూతపడతాయి. ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్ కావాలంటే, ఇంజినీరింగ్ చదవనివాళ్లకు ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ రెండూ ఉండాలి. మన రాష్ట్రంలో ఆ రెండూ కలిసి ఉండేది ఎంపీసీలోనే. బైపీసీ పిల్లకు ఫిజిక్స్ ఉంటుంది, మ్యాథ్స్ ఉండదు. ఎంఈసీ పిల్లవాడికి మ్యాథ్స్ ఉంటుంది, ఫిజిక్స్ ఉండదు. విమానం నడపాలన్న కోరికతో డిగ్రీ రెండో ఏడాదిలో నా దగ్గరికి వచ్చిన బైపీసీ అమ్మాయికి ఈ మాట చెప్పాల్సి వచ్చింది. దుండిగల్‌లోని ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఈ ఊరి పొలిమేరలోనే ఉంది. ఆ శిక్షణ విమానాలు ఎగిరే ఊళ్లో పెరిగిన పిల్లకు పదహారేళ్ల వయసులో ఈ సంగతి చెప్పే మనిషి ఒక్కరూ లేకపోయారు. సీడీఎస్ ద్వారా నేవీకి వెళ్లాలంటే ఇంజినీరింగ్ డిగ్రీయే కావాలి. కాబట్టి ఇంటర్మీడియట్ బోర్డుతో కలిసి పదో తరగతి పిల్లలకే ఈ విషయం చేర్చాల్సిన బాధ్యత మీ మీద ఉంది.

బీటెక్ గురించి కూడా సూటిగా మాట్లాడుకోవాలి. యంత్రాల మీద నిజంగా మనసున్న పిల్లలు బీటెక్ చదవాలి. వాళ్లకు సైన్యంలో టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్సు అని రాతపరీక్ష లేని దారి కూడా ఉంది, మార్కులు చూసి ఇంటర్వ్యూకి పిలుస్తారు. భయంతో బీటెక్‌లో చేరేవాళ్ల గురించే నా బాధ. డెహ్రాడూన్‌కు వయసు 24 దాటకూడదు. మూడేళ్ల డిగ్రీ పిల్లవాడు ఇరవై ఏళ్లకు చివరి సంవత్సరంలోకి వచ్చి, అప్పటినుంచే పరీక్ష రాయవచ్చు. బీటెక్ పిల్లవాడికి ఆ అవకాశం ఒక ఏడాది ఆలస్యంగా వస్తుంది. ఏడాదికి రెండు పరీక్షలు కాబట్టి రెండు ప్రయత్నాలు చేజారినట్టే. మొదటిసారే ఎంపికయ్యేవాళ్లు తక్కువగా ఉండే పోటీలో ఆ రెండు ప్రయత్నాలు చిన్నవి కావు.

దీనికన్నా పెద్ద ప్రమాదం బ్యాక్‌లాగ్. చివరి సంవత్సరంలో ఉండి సీడీఎస్‌కు దరఖాస్తు చేసేవాళ్లకు, అప్పటిదాకా ఫలితాలు వచ్చిన సెమిస్టర్లలో ఒక్క సబ్జెక్టు కూడా మిగిలి ఉండకూడదు. నోటిఫికేషన్‌లో ఈ షరతు ఉంటుంది, కానీ ఎవరూ అంతదూరం చదవరు. మార్కుల సంగతీ అంతే. ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు రాతపరీక్ష లేకుండా నేరుగా సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు (ఎస్ఎస్‌బీ) ఎంపికకు పిలిచే ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి డిగ్రీలో 50 శాతం మార్కులు కావాలి. న్యాయశాస్త్రం చదివి సైన్యం లా విభాగంలో చేరాలంటే ఎల్ఎల్‌బీలో 55 శాతం కావాలి. ఏఎఫ్‌క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎయిర్‌ఫోర్స్‌లో చేరాలంటే 60 శాతం అడుగుతారు. ఇష్టం లేని సబ్జెక్టు తీసుకుని 47 శాతంతో, రెండు బ్యాక్‌లాగ్‌లతో బయటపడే పిల్లవాడికి ఈ దారులన్నీ ఒకేసారి పోతాయి. "డిఫెన్స్‌కు పనికొస్తుంది" అని తీసుకున్న సబ్జెక్టే అతణ్ణి డిఫెన్స్‌కు దూరం చేస్తుంది.

అందుకే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. నువ్వు ఇష్టంగా చదివి, మంచి మార్కులతో, బ్యాక్‌లాగ్ లేకుండా పూర్తి చేయగల సబ్జెక్టు తీసుకో. నేను చరిత్ర చెప్పేవాణ్ణి కాబట్టి జనరల్ నాలెడ్జ్ పేపరులో చరిత్ర, భూగోళం, రాజ్యాంగం ఎంత వస్తాయో నాకు తెలుసు. అయినా కెమిస్ట్రీ అంటే ప్రాణమిచ్చే పిల్లను నా క్లాసులోకి లాక్కోను. 2025 మేలో దేశమంతా టీవీల్లో చూసిన కల్నల్ సోఫియా ఖురేషీ బరోడాలో బయోకెమిస్ట్రీలో ఎంఎస్సీ చేశారు. చెన్నై అకాడమీ నుంచి 1999లో సైన్యంలోకి వచ్చి సిగ్నల్స్ విభాగంలో పనిచేశారు. బయోకెమిస్ట్రీకీ సిగ్నల్స్‌కూ ఏం సంబంధమని ఎవరూ అడగలేదు. ఇంకో మాట. ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీలో శిక్షణ పొందే కేడెట్లకు జేఎన్‌యూ డిగ్రీ ఇస్తుంది. అందులో బీఏ కూడా ఉంది. సైన్యమే తన కాబోయే అధికారులకు చరిత్ర, రాజనీతి శాస్త్రం చెప్పి బీఏ పట్టా ఇప్పిస్తుంటే, ఆర్ట్స్ చదివితే ఆఫీసర్ కాలేరన్న మాట మన ఊళ్లో ఎందుకు ఇంకా బతికి ఉంది?

ఎస్ఎస్‌బీ సంగతి కూడా చెప్పాలి. ఐదు రోజులపాటు మానసిక పరీక్షలు, గ్రౌండ్‌లో బృంద పనులు, ఒక అధికారితో సుదీర్ఘమైన ఇంటర్వ్యూ ఉంటాయి. ఆ ఇంటర్వ్యూలో "ఈ సబ్జెక్టు ఎందుకు తీసుకున్నావు?" అని అడుగుతారు. నెట్ సెంటర్‌లో అబ్బాయి పెట్టాడని చెప్పలేరు కదా. బీకాం చదివిన పిల్లవాడు వాళ్ల నాన్న మదీనా దగ్గర నడిపే బట్టల కొట్టు లెక్కల నుంచి మొదలుపెట్టి జీఎస్టీ దాకా తడుముకోకుండా మాట్లాడితే, అది పనికొచ్చే జవాబు. తను చదివేదాని మీద పట్టూ ఇష్టమూ లేని మనిషి రేపు ముప్పై మంది జవాన్లకు మాట చెప్పాలంటే ఎలా?

ఇక ఎంపిక కానివాళ్ల గురించి. ఒక్కో సీడీఎస్ నోటిఫికేషన్‌లో డెహ్రాడూన్‌కు సాధారణంగా వంద సీట్లే ఉంటాయి, దేశమంతటికీ కలిపి. ఎంత బాగా తయారైనా ఎక్కువమంది వెనక్కి వస్తారు, ఇది దాచకూడని నిజం. వచ్చాక చేతిలో మిగిలేది ఆ డిగ్రీయే. దానితో పీజీకి వెళ్లాలి, టీచర్ కావాలి, గ్రూప్స్ రాయాలి, ఏదైనా కంపెనీలో చేరాలి. సైన్యం కోసం తీసుకున్న సబ్జెక్టు సైన్యం లేకపోయినా అన్నం పెట్టేదై ఉండాలి. బీకాం పిల్లలకు ఇక్కడ ఒక మంచి మాట. ఎయిర్‌ఫోర్స్‌లో అకౌంట్స్ విభాగం ఉంది. బీకాం తర్వాత ఫైనాన్స్‌లోనో లాజిస్టిక్స్‌లోనో పీజీ డిప్లొమా చేస్తే నేవీ లాజిస్టిక్స్ వైపు కూడా దారి ఉంది. దోస్త్‌లో ఏటా అంతమంది కామర్స్ తీసుకుంటున్నారు, వాళ్లలో ఎంతమందికి ఈ మాట చేరింది?

మిమ్మల్ని నేను అడిగేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. దోస్త్‌లో ఆప్షన్లు పెట్టే పేజీకి ముందు, ఏ గ్రూపు, ఏ డిగ్రీ ఏ సైనిక ప్రవేశానికి పనికొస్తుందో చెప్పే ఒక పేజీ పెట్టండి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడింటిలోనూ పెట్టండి. మా దగ్గర ఉర్దూలో లేని కాగితం సగం ఇళ్లలో చదవకుండానే పక్కన పడుతుంది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఏటా యూపీఎస్సీ నోటిఫికేషన్ చూసి సరిదిద్దే బాధ్యత ఒక అధికారికి అప్పగించండి.

రెండోది ఎన్‌సీసీ. డెహ్రాడూన్‌కు వెళ్లే వంద సీట్లలో పదమూడు ఎన్‌సీసీ ఆర్మీ వింగ్ 'సి' సర్టిఫికెట్ వాళ్లకు కేటాయించేవారు. స్పెషల్ ఎంట్రీ గురించి పైన చెప్పాను. ఇంత విలువైన సర్టిఫికెట్‌కు మొదటి సంవత్సరంలోనే పేరు ఇవ్వాలి, ఆలస్యమైతే మూడేళ్లలో 'సి' దాకా చేరడం కష్టం. కానీ దోస్త్‌లో కాలేజీ ఎంచుకునే పిల్లకు అక్కడ ఎన్‌సీసీ ఉందో లేదో, అమ్మాయిలకు సీట్లున్నాయో లేదో కనిపించదు. ఆ రెండూ అక్కడ కనిపించేలా చూడండి. యూజీసీ 2021లోనే ఎన్‌సీసీని ఎలెక్టివ్‌గా పెట్టుకోవచ్చని విశ్వవిద్యాలయాలకు రాసింది. పాతబస్తీ ప్రభుత్వ కళాశాలల్లో ఎక్కడెక్కడ అది క్రెడిట్లతో నడుస్తోందో మీరే ఒకసారి తెప్పించి చూడండి. ఎన్‌సీసీ డైరెక్టరేట్‌తో మాట్లాడి ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట వైపు పిల్లలకు అందేలా కొత్త సీట్లు అడగండి. భువనగిరిలో సాంఘిక సంక్షేమ గురుకుల సొసైటీ అమ్మాయిల కోసం సైనిక శిక్షణతో కూడిన డిగ్రీ కళాశాల నడిపింది. అది సాధ్యమైన రాష్ట్రంలో మేం అడిగింది ఎక్కువేమీ కాదు.

ఈ ఊరికి సైన్యం కొత్త కాదు. నిజాం కాలంలో అరబ్బు సిపాయిలు స్థిరపడిన బార్కస్ మా పక్కనే ఉంది. గోల్కొండలో ఆర్టిలరీ సెంటర్ ఉంది. హైదరాబాద్‌లో పుట్టి, నిజాం కాలేజీలో చదివిన ఇద్రిస్ హసన్ లతీఫ్ 1978లో భారత వైమానిక దళాధిపతి అయ్యారు. మా పిల్లలకు ఆయన పేరు నేను క్లాసులో చెబుతూనే ఉంటాను. సూర్యాపేట నుంచి వెళ్లి, 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణాలిచ్చిన కల్నల్ సంతోష్‌బాబు కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివారు. అలాంటి స్కూల్లో సీటు దొరకని పిల్లలకు మిగిలింది మామూలు డిగ్రీ కాలేజీ ఒక్కటే. అది మీ చేతిలో ఉంది.

చివరగా ఒక పని ఉస్మానియా విశ్వవిద్యాలయం అధికారులతో మాట్లాడి చేయించాలి. సీడీఎస్‌లో ఎంపికైన చివరి సంవత్సరం పిల్లలు నిర్ణీత తేదీలోగా డిగ్రీ పాసైన రుజువు చూపాలి. ఫలితాలో, ప్రొవిజనల్ సర్టిఫికెట్టో వారం ఆలస్యమైతే ఎస్ఎస్‌బీ గెలిచిన పిల్లవాడు కూడా ఆగిపోతాడు. అలాంటి వాళ్ల కోసం పరీక్షల విభాగంలో ఒక ప్రత్యేక కౌంటర్, ఒక ఫోన్ నంబర్ పెట్టించండి. వచ్చే దోస్త్ నోటిఫికేషన్ లోపే ఈ మూడూ జరగాలని కోరుతున్నాను. ఆ సమాచార పేజీ రాయడానికి మనిషి కావాలంటే, ఉర్దూ అనువాదంతో సహా, మా కాలేజీ నుంచి మేం సిద్ధంగా ఉన్నాం.

గౌరవంతో,
ఒక చరిత్ర అధ్యాపకుడు,
పాతబస్తీ, హైదరాబాద్