కేటీ ఇచ్చేవాడు వెర్రివాడా?

మన సీనియర్లు ఉద్యోగాల్లో చేరి ఏడాది తిరక్కుండానే ఒక సలహా పట్టుకొస్తారు. "తెలిసిందంతా ఎవరికీ చెప్పకు. చెప్పావో, ఆ తర్వాత నీతో పనుండదు." క్యాంటీన్లో ఈ మాట రాగానే అందరూ తల ఊపుతారు. నేను ఊపలేకపోతున్నాను. అలాగని అది అబద్ధమనీ అనను. అందులో సగం నిజముంది. ఆ సగం సంగతి తర్వాత. ముందు మిగతా సగం చెప్తాను. దాని కోసం టెలిఫోన్ కంపెనీల దగ్గరికి వెళ్దాం. ఎందుకంటే మనం పరీక్షల్లో రాసే చాలా సంగతులు అక్కడి ఉద్యోగులు తమ పని గురించి నలుగురికీ చెప్పినవే.

ఈసీఈ వాళ్ళకి "ఎర్లాంగ్" అంటే ట్రాఫిక్ కొలిచే యూనిట్. సీఎస్ఈ వాళ్ళకి ఒక ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్. అసలు అది ఒక మనిషి పేరు. ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ డెన్మార్క్ వాడు. 1908లో కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో ఉద్యోగంలో చేరాడు. అక్కడ చీఫ్ ఇంజనీరు యోహాన్ జెన్సన్. అవును, మెషిన్ లెర్నింగ్ క్లాసులో వచ్చే జెన్సన్ ఇనీక్వాలిటీ ఆయనదే. లెక్కలంటే ప్రాణం పెట్టే బాస్, లెక్కలొచ్చిన ఉద్యోగి. వాళ్ళ ముందున్న ప్రశ్న మాత్రం మామూలు వ్యాపార ప్రశ్న: ఎన్ని లైన్లు వేస్తే సరిపోతుంది?

ఒక చిన్న లెక్క చూడండి. గంటకి 60 కాల్స్ వస్తున్నాయి, ఒక్కోటి 3 నిమిషాలు. మొత్తం 180 నిమిషాల మాట, అంటే 3 ఎర్లాంగ్‌లు. మూడు గంటల మాటకి మూడు లైన్లు చాలు కదా అనిపిస్తుంది. కానీ కాల్స్ వరసలో నిలబడి రావు, ఒక్కోసారి గుంపుగా వచ్చిపడతాయి. ఎర్లాంగ్ సూత్రంలో వేసి చూస్తే మూడు లైన్లతో నూటికి దాదాపు 35 కాల్స్ దొరక్కుండా పోతాయి. నూటికి ఒకటి కన్నా తక్కువ పోవాలంటే 8 లైన్లు కావాలి. నమ్మకం లేకపోతే కాలిక్యులేటర్ తీసి మీరే చూసుకోండి.

ఈ లెక్క ఆ రోజుల్లో ఒక కంపెనీకి ఎంత విలువైనదో ఊహించండి. ఎన్ని లైన్లు వెయ్యాలో పక్క కంపెనీ అంచనా మీద వేస్తుంటే వీళ్ళు లెక్క కట్టి వేస్తున్నారు. దాచుకోవచ్చు. కానీ ఎర్లాంగ్ 1909లో ఒక వ్యాసం, 1917లో ఇంకో ముఖ్యమైన వ్యాసం అచ్చు వేయించాడు. బ్రిటిష్ పోస్టాఫీసు వాళ్ళు ఆ సూత్రాన్ని వాడుకున్నారు. ఆయన వ్యాసాలు చదవడానికే అమెరికాలో ఒక బెల్ ల్యాబ్స్ పరిశోధకుడు డేనిష్ భాష నేర్చుకున్నాడని చెప్తారు. మరి చెప్పేశాక ఎర్లాంగ్‌తో పని లేకుండా పోయిందా? 1929లో చనిపోయేదాకా అదే కంపెనీలో ఉన్నాడు. 1946లో ఆయన పేరే యూనిట్ అయింది.

రెండో కథ మనందరి జేబుల్లోనూ ఉంది. 1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది. బెల్ ల్యాబ్స్ అంటే ఏటీ అండ్ టీ అనే టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాల. 1952 ఏప్రిల్‌లో ఆ కంపెనీ ఇతర కంపెనీల ఇంజనీర్లని పిలిచి, తన ఉద్యోగుల చేత రోజుల తరబడి క్లాసులు చెప్పించింది: జర్మేనియం ఎలా శుద్ధి చెయ్యాలి, క్రిస్టల్ ఎలా పెంచాలి, ట్రాన్సిస్టర్ ఎలా తయారుచెయ్యాలి అని. ఫీజు 25,000 డాలర్లు, తర్వాత కట్టాల్సిన రాయల్టీలో దాన్ని మినహాయించుకోవచ్చు. ఆ పాఠాలన్నీ పుస్తకాలుగా వచ్చాయి. ఇంజనీర్లు వాటికి పెట్టుకున్న ముద్దుపేరు "మదర్ బెల్ వంటపుస్తకం".

ఆ క్లాసులో కూర్చున్నవాళ్ళలో సెంట్రలాబ్ అనే కంపెనీ నుంచి వచ్చిన జాక్ కిల్బీ ఒకడు. ఆరేళ్ళ తర్వాత, 1958లో, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఉండగా ఆయన ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ చేసి చూపించాడు. 2000లో నోబెల్ వచ్చింది. టెలిఫోన్ కంపెనీ ఉద్యోగులు చెప్పిన పాఠం విన్నవాడు టెలిఫోన్ కంపెనీ ఊహించని చోటికి వెళ్ళాడు.

అయితే ఏటీ అండ్ టీని మరీ కర్ణుణ్ణి చెయ్యొద్దు. 1949లోనే అమెరికా ప్రభుత్వం దాని మీద గుత్తాధిపత్యం కేసు వేసింది. అన్నీ మేమే దాచుకుంటున్నాం అనిపించుకోకపోవడం ఆ కంపెనీకి అవసరం. కాబట్టి అందులో దానం కొంత, భయం కొంత. నా దృష్టిలో అదేం తప్పు కాదు. జ్ఞానం బయటికి రావడానికి మంచి మనసొక్కటే చాలదు, ఏర్పాటు కూడా ఉండాలి.

ఇప్పుడు క్యాంటీన్ మాటలోని నిజమైన సగం. మా పెద్దమ్మ కూతురు ఒక ఐటీ కంపెనీలో టెలికం బిల్లింగ్ ప్రాజెక్ట్ మీద ఆరేళ్ళు పనిచేసింది. ఒకరోజు మేనేజర్ వచ్చి "నాలుగు వారాలు కేటీ ఇవ్వమ్మా" అన్నాడు. కేటీ అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అని మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. రోజూ మూడు గంటలు చెప్పింది. ప్రతి సెషనూ రికార్డ్ చేశారు. నెల తిరిగేసరికి ఆమె బెంచ్ మీద, నేర్చుకున్న అబ్బాయి ఆమె సీట్లో. ఆ అబ్బాయి జీతం ఆమె జీతంలో సగం కూడా లేదు. "నా గొయ్యి నేనే తవ్వుకున్నట్టుంది రా" అంది అక్క. ఆమెకి ఎర్లాంగ్ కథ చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఈ రెండు కథల మధ్య తేడా చెప్పినవాళ్ళ మంచితనంలో లేదు. ఎర్లాంగ్ చెప్పాక కూడా ఆయన కుర్చీ ఆయనదే. బెల్ ల్యాబ్స్‌లో పేపర్ రాసినవాడికి పేరొచ్చింది. అక్కకి మాత్రం చెప్పడమే చివరి పని అయింది. కేటీని రాజీనామాకో బదిలీకో ముడిపెట్టిన కంపెనీలో "మా ఉద్యోగులు నాలెడ్జ్ షేర్ చెయ్యరు" అని హెచ్ఆర్ వాళ్ళు బాధపడితే నాకు నవ్వొస్తుంది. చెప్పినవాణ్ణి ముందు పంపించే చోట దాచుకునేవాడు దుర్మార్గుడు కాదు, తెలివైనవాడు. అందుకే కేటీ అనేది వెళ్ళేటప్పుడు చేసే పని కాకూడదు, ఉన్నన్నాళ్ళూ చేసే పని కావాలి. దానికి అప్రైజల్లో మార్కులుండాలి.

ఎరిక్సన్ కథలో ఈ రెండూ కలిసి కనిపిస్తాయి. 1980ల మధ్యలో జో ఆర్మ్‌స్ట్రాంగ్, ఇంకొందరు ఉద్యోగులు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఎర్లాంగ్ భాష తయారుచేశారు. 1998లో అక్కడి ఒక విభాగం కొత్త ఉత్పత్తుల్లో దాన్ని వాడొద్దంది. ఉద్యోగులు పట్టుబట్టడంతో అదే ఏడాది డిసెంబరులో కంపెనీ దాన్ని ఓపెన్ సోర్స్ చేసింది. ఆ వెంటనే ఆర్మ్‌స్ట్రాంగ్, మరికొందరు బయటికెళ్ళి సొంత కంపెనీ పెట్టుకున్నారు. తర్వాత వాట్సాప్ సర్వర్లు రాసింది ఆ భాషలోనే. 2014లో ఫేస్‌బుక్ కొనేనాటికి వాట్సాప్ వాడేవాళ్ళు 45 కోట్లు, ఉద్యోగులు 55 మంది. ఇక ఆర్మ్‌స్ట్రాంగ్‌ని కొన్నేళ్ళకి ఎరిక్సనే మళ్ళీ పిలిచి ఉద్యోగమిచ్చింది. బీరువాలో పెట్టి తాళం వేసి ఉంటే ఆ భాష ఆ బీరువాలోనే ఉండేది.

కాగితం మీదకి ఎక్కని జ్ఞానం సంగతి వేరు. మా పెదనాన్న టెలిఫోన్ లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. వాన పడితే ఏ పిల్లర్‌లోకి నీళ్ళు దిగుతాయో, రోడ్డు కింద ఏ జాయింట్ ముందు తడుస్తుందో ఆయనకి ఇప్పటికీ నోటికొచ్చు. ఆయనకి అదంతా చూపించింది ఇంకో పెద్ద లైన్‌మన్, పుస్తకం కాదు. 2020 జనవరి 31న బీఎస్ఎన్ఎల్ నుంచి 78 వేల మందికి పైగా స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. మొత్తం సిబ్బందిలో దాదాపు సగం, ఒక్క రోజులో. దాని లాభనష్టాలు ఆర్థికవేత్తలు లెక్కేస్తారు. నాకు తట్టేది ఒకటే. ఏ సంస్థలోనైనా అంతమంది ఒకేసారి గేటు దాటితే, రాసిపెట్టనిదంతా వాళ్ళతోపాటే గేటు దాటుతుంది. దాన్ని ఏ బ్యాలెన్స్ షీటూ చూపించదు.

ఇక మన సంగతి. మనకి కుర్చీ పోతుందన్న భయం లేదు, బెంచ్ లేదు. అయినా దాచుకుంటాం. ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నలు రూమ్మేట్‌కి కూడా చెప్పం. ప్రాజెక్ట్ రిపోర్టుల్లో అన్నీ మొదటిసారే పనిచేసినట్టు రాస్తాం. ఏ మాడ్యూల్ కాలింది, ఏ లైబ్రరీ వెర్షన్ మూడు వారాలు తినేసింది, ఆ సంగతి రిపోర్టులో ఉండదు. వచ్చే ఏడాది జూనియర్లు అదే మాడ్యూల్ కొని అలాగే కాలుస్తారు. కమ్యూనికేషన్స్ ల్యాబ్‌లో ఏ సీఆర్ఓ నిజం చెప్తుందో, ఏది అబద్ధం చెప్తుందో ల్యాబ్ అసిస్టెంట్ గారికి ఒక్కరికే తెలుసు. ఆయన రిటైరైతే ఏం చేస్తాం?

నా ప్రతిపాదన చిన్నది. ప్రతి ఫైనల్ ఇయర్ బ్యాచ్ రిపోర్టు చివర రెండు పేజీలు "పని చెయ్యనివి" అని రాయాలి. దానికి గైడ్ గారు అయిదు మార్కులు వెయ్యాలి. మార్కులెందుకంటారా? ఊరికే రాయమంటే ఎవరూ రాయరు, పైన చెప్పిన కథల సారమే అది. తెలుగులో రాస్తే మన క్లబ్బు ఈ పత్రికలో వేస్తుంది, ఆ బాధ్యత నాది.

కేటీ ఇచ్చేవాడు వెర్రివాడు కాదు. ఇచ్చినవాణ్ణి వెర్రివాణ్ణి చేసే కంపెనీలు ఉన్నాయి. రేపు మనలో కొందరు మేనేజర్లవుతారు. అప్పుడు కేటీ అడిగే ముందు, చెప్పినవాళ్ళకి రేపు కుర్చీ ఉంటుందో లేదో ఆ మాట ముందుగా చెప్పండి.